ఆరు సెకన్ల పిలుపు

యువకుడు యువతిని మొదటిసారి చూసినప్పుడు పిల్లగాలి వీయాలని, ఎక్కడో వీణ మోగాలని కోరుకునే పాఠకులు కొంచెం సర్దుకోవలసి ఉంటుంది. పృథ్వీరాజ్ ఉషను మొదటిసారి చూసినప్పుడు భావనపాడు తీరమంతా ఎండుచేపల వాసన, అతని ముక్కు మీద జేబురుమాలు, ఉష తల్లి బుల్లమ్మ చేతిలో చీపురు ఉన్నాయి.

"ఒరే అయ్యా, ఏటిది? ఎవుల్నడిగి పాతీసినావు ఈ గెడ?"

"గెడ కాదండీ, యాంటెన్నా. సముద్రంలో ఆపదలో చిక్కుకున్న మత్స్యకారుల సందేశాలను అందుకోవడానికి, ఆధునిక సాఫ్ట్‌వేర్ రేడియో పరిజ్ఞానంతో..."

"పరిగ్యానం తరవాత. పైకి సూడు."

పృథ్వీరాజ్ పైకి చూశాడు. యాంటెన్నా మీద పదకొండు కాకులు కొలువుతీరి ఉన్నాయి. చేపలు ఆరబెట్టే చోటుకు సరిగ్గా పైన ఇంత సౌకర్యమైన ఆసనాన్ని కాకులకు అంతవరకూ ఏ ప్రభుత్వమూ కల్పించలేదు.

తల్లి వెనక నుంచి ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. "సార్, ఈ కాకులు కూడా ప్రాజెక్టులో భాగమేనా? లేక అదనపు సదుపాయమా?"

"మీరు?"

"ఉష. బీటెక్, ఈసీఈ, టెక్కలి. రేపటినుంచి మీ స్టేషన్లో ఆపరేటర్‌ని."

"నాదీ అదే డిగ్రీ!" అన్నాడతను ఆనందంగా.

"తెలుసు. డిగ్రీ ఒకటే. మీరు ఇంజనీరు, నేను ఆపరేటర్. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న, 'వంట వచ్చా?' అని. మిమ్మల్ని ఏమడిగారు?"

అతనిని ఏమీ అడగలేదు. ఆ సంగతి చెప్పకుండా ఉండే తెలివి అతనికి ఆ ఒక్కసారి కలిగింది. జేబురుమాలు జేబులో పెట్టి, పార పుచ్చుకుని, యాంటెన్నాను నలభై అడుగుల దూరంలో తానే స్వయంగా పాతాడు. ఆమదాలవలసలో బియ్యం వ్యాపారం చేసే నరసింగరావు గారి ఏకైక పుత్రుడు పార పట్టడం అదే ప్రథమం. అరచేతులు బొబ్బలెక్కాయి. ఉష చూసింది, జాలిపడలేదు, కానీ చూసింది.

*

స్టేషన్ అంటే ఒక గది, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, ఒక స్పీకరు. పృథ్వీరాజ్ అందులో కూర్చుని, అడిగినవారికీ అడగనివారికీ కూడా తన రేడియోను వివరించేవాడు. అతనికి వాక్యం మొదలుపెట్టడం బాగా తెలుసు. ముగించడం గురించి కాలేజీలో చెప్పలేదు.

"పాత రేడియోలో ప్రతి పనికీ ఒక వస్తువుండేది. ఇక్కడ వస్తువుల్లేవు, లెక్కలే. యాంటెన్నా పట్టినదాన్ని సెకనుకు లక్షల ముక్కలుగా కోసి కంప్యూటరుకు ఇస్తాం. ఒక బ్లాక్ మన ఛానల్‌ని ఏరుతుంది. ఒకటి, సిగ్నల్ ఉన్నంతసేపే గేటు తెరుస్తుంది, లేనప్పుడు మూసేస్తుంది. ఇంకొకటి గాలి హోరు తీసేస్తుంది. ఒక్కో జంట బ్లాకుల మధ్య ఒక్కో బఫర్. ఏ బ్లాక్‌కి సరిపడా సరుకు చేరిందో, ఎవరి ముందు ఖాళీ ఉందో చూసి షెడ్యూలర్ వాటిని పనికి లేపుతుంది..."

మధ్యాహ్నం కారియర్ తెచ్చిన బుల్లమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఒసే ఉషా, ఏటంతన్నాడే ఈ బాబు?"

"ఏటి లేదమ్మా. మన ఒడ్డున గంపలు లేవేటి? చేపలొస్తాయి, గంప నిండతాది, మోతమనిషి ఎత్తతాది. ముందున్న గంపలు కదలకపోతే ఎనక దించడానికి సోటుండదు, ఆగుతారు. ఎవులెత్తాల, ఎవులాగాల అని ఒకడు కేకేస్తాడు. గంపే బఫరు. కేకేసీవోడే షెడ్యూలరు."

"అంతేనా! దీనికి ఇంజనీరెందుకే? గంపలు మోసే మీ మేనత్తకి సెప్తే సేసీది గదా!" బుల్లమ్మ ఒక క్షణం ఆలోచించింది. "మరి గంప నిండకపోతేనో?"

పృథ్వీరాజ్ చిరునవ్వు నవ్వాడు. చదువుకున్నవాడు చదువులేనివారి ప్రశ్నకు నవ్వే నవ్వది. దేశంలో జరిగిన అన్యాయాల్లో సగం ఆ నవ్వుతోనే మొదలయ్యాయి.

"నిండుతుందమ్మా. నిండకపోవడమేమిటి?"

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీది అధికారి వైర్‌లెస్ సెట్టు చేతపట్టి, తీరప్రాంత ప్రగతి గురించి ఇరవై రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాడు. ప్రతి అక్షరమూ స్పీకరులో స్ఫటికంలా వినిపించింది. వ్యవస్థ పరీక్షలో నెగ్గిందని రాసుకున్నారు. అంతకుముందు విశాఖపట్నంలో దాన్ని పరీక్షించినవారు కూడా ఇంజనీర్లే. మైకు దొరికితే వదిలే జాతి కాదు.

బోట్లవారికి శిక్షణ ఇచ్చినప్పుడు మాత్రం ఉష తండ్రి దాలయ్య అడ్డు తగిలాడు. "హలో హలో అనాల, బోటు పేరు సెప్పాల, ఊరు సెప్పాల, ఓవరనాల. అంతసేపు మాటాడితే మునిగీవోడు ఆగుతాడేటి బాబూ?"

దాలయ్యది పాత పద్ధతి. సముద్రం మీద బ్యాటరీ ఇంటికి చేరేదాకా దాచుకోవలసిన వస్తువు. నొక్కు, మూడు ముక్కలు చెప్పు, వదులు. భావనపాడులో సగంమందిది అదే అలవాటు. దానిని పృథ్వీరాజ్ 'శిక్షణ లోపం' అని రిపోర్టులో రాశాడు.

*

వానాకాలం వచ్చింది. ప్రేమకథల్లో వానకు ఒక బాధ్యత ఉంటుంది కనుక అది తన పని తాను చేసింది. ఒక సాయంత్రం ఉష షిఫ్టు ముగించి బయలుదేరుతుంటే పృథ్వీరాజ్ కొత్త గొడుగు తెరిచి, వీరుడిలా పక్కన నిలిచాడు. సముద్రపు గాలి ఒక్క విసురు విసిరింది. గొడుగు తిరగబడింది, ఊచలు విరిగాయి, బట్ట నౌపడ ఊరి దిక్కుగా ఎగిరిపోయింది. అతని చేతిలో పిడి మిగిలింది.

"సార్, గొడుగు నాకా, గాలికా?"

"మీకే అనుకున్నాను. గాలి తొందరపడింది."

ఆమె నవ్వింది. తల నుంచి నీళ్ళు కారుతుండగా, పిడి మాత్రం వదలకుండా, అతడు ఆ నవ్వును చూస్తూ నిలబడ్డాడు. సెకనుకు లక్షల ముక్కలుగా కోసి చూసే మనిషికి ఆ నవ్వులో ఒక్క ముక్క కూడా కోయాలనిపించలేదు. ఆ రోజునుంచి అతడు 'ఉష గారూ' నుంచి 'ఉషా'కు దిగాడు. ఆమె 'సార్' నుంచి కదలలేదు.

*

అక్టోబరులో గాలి హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికల్లా బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి. దాలయ్య, అతని జతగాడు లక్ష్ముడు మాత్రం ఉదయం వేసిన వలలు తీసుకుని వస్తున్నారు. సూరయ్య బోటు ఇంకా దూరాన ఎక్కడో ఉంది. స్టేషన్లో డ్యూటీ ఉషది. ఛానల్ నిశ్శబ్దం. మూడయింది, నాలుగయింది.

నాలుగూ ఇరవై అయిదుకు స్పీకరు పలికింది. "ఇంజను ఆగిపోనాది. నీరెక్కతన్నాది. రండి." ఆ వెంటనే, ఊపిరి తీసే సందైనా లేకుండా, సూరయ్య గొంతు, తను వచ్చేస్తున్నానని, ఇంట్లో చెప్పమని సుదీర్ఘంగా.

మొదటి గొంతు తండ్రిది. ఉష వెంటనే సెట్టు అందుకుంది. సూరయ్యను అటు మళ్ళించింది. ఒడ్డునుంచి మరో బోటును పంపించింది. చీకటి పడేలోగా ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని తేలుతున్న ఇద్దరినీ తెచ్చారు. బోటు మాత్రం పోయింది.

వారం తిరగకుండా మత్స్యశాఖ నుంచి నోటీసు వచ్చింది. రికార్డు ప్రకారం దాలయ్య బోటు మునిగే దశలో గాని పిలవలేదట. తోటివాడి ప్రాణాన్ని నిర్లక్ష్యంగా అపాయంలో పెట్టాడట. బోటు నడిపే అనుమతి శాశ్వతంగా ఎందుకు రద్దు చేయరాదో శ్రీకాకుళం వచ్చి చెప్పుకోవాలట.

"నాను పిలిసినప్పుడు పొద్దు జానెడున్నర ఎత్తునున్నాది," అన్నాడు దాలయ్య. "గంటకి పైగా నీట్లో ఉన్నాం."

"అయ్యా, నాను సెవులారా ఇన్నాను," అంది ఉష. "నాలుగూ ఇరవై అయిదు. స్క్రీను మీద కూడా అదే పడింది. తడబడి ఉంటావు."

నలభై ఏళ్ళుగా పొద్దును చూసి సముద్రం దాటిన మనిషి కూతురి ముఖం వంక ఒకసారి చూశాడు. తరువాత ఆమెతో మాట్లాడడం మానేశాడు. కోపగించలేదు, అరవలేదు. "దానికి సెప్పు, అన్నం సల్లారిపోతన్నాదని," అనేవాడు భార్యతో, ఉష ఎదుటనే.

పదిహేనో రోజున సూరయ్య దారిలో ఆపి అన్న మాట ఉషను నిలబెట్టేసింది. "నాను సెట్టు ఎట్టుకొని అరగంట ఇన్నాను పిల్లా, ఎవుడైనా ఉన్నాడేటని. నాను నొక్కేముందు ఒక్కడూ మాటాడనేదు. మీ అయ్య మాట నా సెట్టుకి రానేదు, నీకెలగొచ్చింది?"

*

"మీ రేడియో అబద్ధం ఆడుతోంది," అంది ఉష గదిలో అడుగుపెడుతూనే.

పృథ్వీరాజ్ బాధపడ్డాడు. అమ్మాయి తనను తిట్టినా ఓర్చుకోగలడు. తన ప్రోగ్రామును అంటే ఎలా? "ఉషా, భావోద్వేగం వేరు, సిస్టమ్ వేరు. నా సిస్టమ్‌లో ఆలస్యం ఇరవై సెకన్లు దాటదు. ఎనిమిది నెలల్లో ఒక్క కంప్లయింట్..."

"ఎనిమిది నెలలూ ఛానల్ నిండా మాటలే. ఆ రోజు మా అయ్య ఒక్కడే. ఒంటరిగా ఎప్పుడైనా పరీక్ష చేశారా? మా అయ్యలాగ, మూడు ముక్కల్లో?"

"ప్రోటోకాల్ ప్రకారం ఎవరూ అలా మాట్లాడకూడదు."

"మునిగిపోతూ ప్రోటోకాల్ తప్పినాడు, పాపం! ఉరి తీసీండి!" ఆమె గోడకున్న సెట్టు లాక్కుని చినుకుల్లోకి వెళ్ళిపోయింది.

ఛానల్‌లో ఎవరూ లేరు. కిటికీలోంచి అతనికి ఆమె కనిపిస్తూనే ఉంది. ఇసుకలో నిలబడి, సెట్టు నోటిదగ్గర పెట్టి, ఏదో అంది. స్పీకరు పలకలేదు. అతడు ఫోన్ చేశాడు.

"బటన్ సరిగ్గా నొక్కలేదు నువ్వు."

"నొక్కినాను. కూకోండి అలాగే."

అయిదు నిమిషాలు. పది. అతడు కేబుల్ చూశాడు, వాల్యూమ్ పెంచాడు. పదకొండో నిమిషాన దూరాన ఏదో బోటువాడు కానాగంత చేపలు పడ్డాయని ఎవరికో సంబరంగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అతని మాట వెనక నుంచి నెట్టగా, దానికంటే ముందు ఉష గొంతు గదంతా మోగింది:

"ఇంజనీరు గారూ, సిగ్గుందా?"

స్క్రీను మీద ఆ వాక్యానికి ఎదురుగా ఆ క్షణపు సమయమే పడింది. పదకొండు నిమిషాల ఆలస్యం ఊసు ఎక్కడా లేదు.

అతడు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. గాలి హోరు తీసే బ్లాక్‌ను అతడే రాశాడు. ఇరవై సెకన్ల సరుకు ఒక్కసారిగా చేరితేగాని అది నిద్ర లేవకూడదని, అలా అయితే కంప్యూటరు మీద భారం తగ్గుతుందని, అతడే నిర్ణయించాడు. అందుకు మెచ్చుకోలు కూడా పొందాడు. ఆరు సెకన్ల మాట వస్తుంది. గేటు మూసుకుంటుంది. వెనక ఏమీ రాదు. బఫర్ నిండదు. షెడ్యూలర్ ఎవరినీ లేపదు. మాట అక్కడే కూర్చుంటుంది, మరొకడు వచ్చి నెట్టేదాకా. బయటపడ్డ క్షణాన్ని చూసి ముద్ర పడుతుంది. పుట్టిన క్షణాన్ని చూసి కాదు.

ఉష తడిసి లోపలికి వచ్చేసరికి అతడు, గేటు తెరిచిన వేళలను కంప్యూటరు వేరుగా రాసుకునే పాత ఫైలు తీశాడు. ఇంతవరకూ దాన్ని ఎవరూ చదవలేదు. ఆ రోజు మధ్యాహ్నం మూడూ పన్నెండుకు గేటు తెరుచుకుంది. ఆరు సెకన్లు. మూసుకుంది.

"డెబ్బై మూడు నిమిషాలు," అంది ఉష. "నేను ఇక్కడే ఉన్నాను. టీ తాగుతూ. మా అయ్య మాట నా ముందే ఉంది."

*

స్టేషన్ నడిపే సంస్థ యజమాని ఫోనులో తడుముకోలేదు. "నిశ్శబ్దంగా అప్‌డేట్ చేసెయ్. ఎక్కడా నోరు విప్పకు. నెలాఖరుకి నిన్ను పర్మనెంట్ చేసి విశాఖ రప్పిస్తున్నాను."

పృథ్వీరాజ్ ఫోను పెట్టి, ఉష వైపు చూడకుండా అన్నాడు. "ఒక లేఖ రాద్దాం. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఒక టెక్నికల్ అనామలీ తలెత్తే అవకాశం లేకపోలేదని..."

"అనామలీ! తప్పుకి ఇంగ్లీషు సొక్కా తొడిగితే పెద్దమనిషైపోతాదేటి?"

"ఉషా, నా ఉద్యోగం..."

"మీది ఉద్యోగం. మా అయ్యది మాట. అబద్ధికుడని ఊరంతా అంటన్నారు. ముందు అన్నదాన్ని నాను." ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "శుక్రవారం పదకొండుకి విచారణ. రావాలనుంటే రండి. రాకపోతే మళ్ళీ నా ఎదురుగా కూకోకండి."

శుక్రవారం బస్సులో పృథ్వీరాజ్ లేడు.

*

విచారణాధికారికి యంత్రాల మీద అపారమైన గౌరవం. మనుషుల మీద అది ఆయనకు అవసరపడలేదు.

"జానెడున్నర పొద్దు అంటే గడియారంలో ఎంతయ్యా?"

"మీ గడియారం కూడా పొద్దుని సూసే గదండీ తిప్పినారు," అన్నాడు దాలయ్య.

"రికార్డు నాలుగూ ఇరవై అయిదు అంటోంది. నీ కూతురు కూడా అలాగే రాసి సంతకం చేసింది. యంత్రానికి అబద్ధం చెప్పవలసిన అవసరం ఏముంటుంది?"

ఉష లేచింది. అదే రికార్డు తప్పు అంది. ఆధారం ఏదన్నారు. ఫైలు సంస్థ ఆస్తి; ఆమె కేవలం ఆపరేటర్; చెప్పే అర్హత ఇంజనీరుదట. ఒకే డిగ్రీకి ఎదురుగా న్యాయానికి రెండు తలుపులుంటాయని ఆమెకు మరోసారి తెలియజేశారు.

అప్పుడు తలుపు దగ్గర చెప్పుల చప్పుడయింది. పృథ్వీరాజ్. బస్సు తప్పి, ఎక్కిన రైలు ఆలస్యమై, ఆమదాలవలసలో దొరికిన ఆటో దారిలో ఆగిపోయి, చివరి మైలు వానలో పరుగెత్తి వచ్చాడు. చొక్కా లోపల ఆ ఫైలు ప్రతి.

"సార్, సాఫ్ట్‌వేర్ ఆధారిత రేడియో వ్యవస్థల్లో, మౌలికంగా చూస్తే..."

"క్లుప్తంగా!" అన్నాడు అధికారి.

పృథ్వీరాజ్ ఆగాడు. దాలయ్యను చూశాడు. కష్టంగా, తనకు అలవాటు లేని పని చేశాడు.

"పిలుపు మూడూ పన్నెండుకే వచ్చింది. నా ప్రోగ్రాము దాన్ని ఆపేసింది. తప్పు నాది."

ఆ కార్యాలయంలో ఆ చివరి రెండు మాటలూ అంతకుముందు ఎవరూ విన్నట్టు లేదు. గుమాస్తా ఎలా రాయాలో తెలియక కలం పట్టుకుని చూస్తున్నాడు.

"ఇది రాతపూర్వకంగా ఇస్తావా?"

"తెచ్చాను సార్."

నోటీసు రద్దయింది. సత్యం పలికినందుకు సంస్థ అతన్ని సాయంత్రానికల్లా గుర్తించి, ఉద్యోగంలోంచి తీసివేసింది.

బయట వాన. దాలయ్య, బుల్లమ్మ బస్టాపు వైపు నడిచారు. పృథ్వీరాజ్ ఉష పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఉషా, గత కొన్ని నెలలుగా, నేను ఒక విషయాన్ని, అంటే దాన్ని ఎలా నిర్వచించాలో..."

"ఆరు సెకన్లు," అంది ఉష గడియారం చూస్తూ.

"నువ్వంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందాం."

"ఇంకా రెండు సెకన్లున్నాయి."

"ఇంకేటి సెప్పాల?" అన్నాడతను. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు మీడియం కింద అణచిపెట్టిన ఆమదాలవలస ఒక్కసారిగా బయటపడింది.

ఉష ముఖం తిప్పుకుని నవ్వింది. "మా అయ్యనడగాల. ఆయన నాతో మాటాడితే."

*

స్టేషన్ మూతపడకూడదని పడవల సంఘం తీర్మానించింది. బఫర్‌లో ఎంత తక్కువ సరుకున్నా, గేటు మూసుకోగానే బయటికి పంపేసే ఏర్పాటు ఉష చేసింది. వచ్చిన వేళ మాటతోపాటే ప్రయాణించేటట్టు కూడా మార్చింది. సంఘం రాసిన కాగితంలో ఇంజనీరు ఉష, ఆపరేటరు పృథ్వీరాజ్. అతడు అభ్యంతరం చెప్పలేదు.

ఆదివారం నరసింగరావు గారు భావనపాడు వచ్చారు. 'చేపలవాళ్ళ అమ్మాయా' అని ఇంట్లో రెండు రోజులు ఆలోచించారట. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట చేప తిన్నప్పుడు మాత్రం దాన్ని ఎవరు పట్టారో ఎవరూ ఆలోచించలేదని కొడుకు గుర్తు చేస్తే, ఆయనకు జవాబు దొరకలేదట. మంచిదే. జవాబు లేనివారు కనీసం భోజనానికి కూర్చున్నారు.

దాలయ్య భోజనం ముగించాడు. చేయి కడుక్కుని, వాకిట్లో నిలబడి, సముద్రం వంక చూశాడు. ఉష తువాలు అందించింది. చాలా నెమ్మదిగా అంది.

"అయ్యా, నాను యంత్రాన్ని నమ్మినాను. నిన్ను నమ్మనేదు."

ఆయన తువాలు అందుకున్నాడు. ఇరవై ఆరు రోజుల తరువాత మొదటిసారి కూతురి ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఒసే, ఆ కుర్రోడికి ఈతొచ్చా?"

"రాదయ్యా."

"కెరటం సూసినాడా ఎప్పుడైనా దగ్గిరగా?"

"కిటికీలోంచి సూసినాడు."

దాలయ్య నిట్టూర్చాడు. లుంగీ పైకి కట్టి, అరుగు మీద పప్పుచారు ఎక్కువై కదలలేకుండా ఉన్న పృథ్వీరాజ్ దగ్గరికి వెళ్ళి, చొక్కా కాలరు పట్టి లేపాడు.

"నడువు అల్లుడా. ముంచీస్తాను."